ఎండాకాలంలో పెంపుడు చిలుకను కాపాడుకోవడం ఎలా? ఆవిరి పట్టొచ్చా?

ఉగాది దాటిందంటే కడపలో మధ్యాహ్నం పన్నెండు తర్వాత వీధుల్లో మనిషి అలికిడి ఉండదు. కర్నూలు, అనంతపురం వాళ్లకూ ఇది కొత్తేం కాదు. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటడం మామూలే. ఆపైన రోహిణి కార్తె వచ్చిందంటే రోళ్లు పగిలే ఎండ. మనకైతే తలుపులు మూసుకుని కూలర్ ముందు పడుకునే వీలుంది, దాహమైతే కుండలో నీళ్లు ముంచుకుని తాగే వీలుంది. పంజరంలోని పిట్ట మాత్రం మనం ఎక్కడ వేలాడదీస్తే అక్కడే ఉండాలి, ఏ నీళ్లు పోస్తే అవే తాగాలి. అందుకని ఎండలు ముదరకముందే ఏమేం సర్దుకోవాలో, ఏ పని పొరపాటున కూడా చేయకూడదో వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన పచ్చ రామచిలుకను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇక్కడ చెప్పేదంతా బడ్జీలు (మన దగ్గర చాలామంది లవ్ బర్డ్స్ అని పిలిచేవి ఇవే), కాకటీల్, అసలైన లవ్ బర్డ్స్, కొన్యూర్, ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ జాతుల గురించి. ఎండదెబ్బకు మీ పెరట్లో రామచిలుక పడిపోయి కనిపిస్తే కింద చెప్పిన ప్రథమ చికిత్సే చేయండి, తేరుకున్నాక ఎగిరిపోనివ్వండి. ఎగరలేకపోతే అటవీ శాఖకు కబురు చేయండి.

వేడి గురించి నన్ను అడిగేవాళ్లు ఎక్కువగా రెండు ప్రశ్నలు అడుగుతారు. "చిలుక వేడి దేశాల పక్షే కదా, ఎండ దాన్నేం చేస్తుంది?" అనేది ఒకటి. "జలుబు చేసినట్టుంది, మనకు పట్టినట్టే ఆవిరి పట్టొచ్చా?" అనేది రెండోది. ఈమధ్య జిమ్ములు, పెద్ద హోటళ్లలో సౌనా గదులు (వేడి గాలితో చెమట పట్టించే గదులు) వచ్చాక, భుజం మీద పిట్టను పెట్టుకుని అందులోకి వెళ్లొచ్చా అని అడిగినవాళ్లూ ఉన్నారు. సౌనాకైనా ఆవిరికైనా నా జవాబు ఒక్కటే: వద్దు. ఎందుకు వద్దో అర్థమైతే ఎండాకాలం జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

చిలుక ఒంట్లో వేడి ఎటు పోతుంది?

చిలుకకు చెమట పట్టదు. పక్షుల చర్మంలో చెమట గ్రంథులే లేవు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, అంటే మనకు గట్టి జ్వరం వచ్చినప్పుడు ఉండేదానికంటే ఎక్కువ. బయట గాలి 30 డిగ్రీలున్నప్పుడు ఈకలు లేని కాళ్ల నుంచి, ముక్కు నుంచి, రెక్కల కింది పలచటి చర్మం నుంచి ఆ వేడి గాలిలోకి పోతుంది. గాలి కూడా 41, 42 డిగ్రీలకు చేరిందనుకోండి, అప్పుడు ఈ దారులన్నీ మూసుకుపోయినట్టే. ఇంకా పైకి పోతే గాలి వేడే పిట్ట ఒంట్లోకి ఎక్కుతుంది.

అప్పుడు ముఖ్యంగా మిగిలే దారి ఊపిరే. చిలుక నోరు తెరిచి గబగబా ఊపిరి వదులుతుంది. గొంతులోని, ఊపిరి గొట్టంలోని తడి ఆరుతూ కొంత వేడిని బయటికి తీసుకుపోతుంది. తడి ఆరాలంటే గాలి పొడిగా ఉండాలి. గాలి నిండా తేమ ఉంటే పిట్ట ఎంత రొప్పినా తడి ఆరదు, రొప్పే శ్రమకు ఒంట్లో వేడి ఇంకాస్త పెరుగుతుంది. వడగాలుల్లో కోళ్ల ఫారాలు నడిపేవాళ్లను అడగండి, పొడి ఎండ కంటే మబ్బు పట్టి ఉక్కపోసిన రోజుకే వాళ్లు ఎక్కువ భయపడతారు.

ఇప్పుడు ఆవిరి గది సంగతి చూడండి. స్టీమ్ గదిలో వేడి 40 నుంచి 50 డిగ్రీలు, తేమ దాదాపు నూటికి నూరు శాతం. చిలుకకున్న దారులన్నీ అక్కడ ఒకేసారి మూసుకుపోతాయి. పొడి సౌనాలో తేమ తక్కువే కానీ వేడి 80, 90 డిగ్రీల దాకా పోతుంది. మనిషి అందులో పది నిమిషాలు కూర్చోగలుగుతున్నాడంటే ఒళ్లంతా చెమట పట్టడం వల్ల, 60, 70 కిలోల శరీరం వేడెక్కడానికి సమయం పట్టడం వల్ల, ఉక్కిరిబిక్కిరైతే లేచి బయటికి వచ్చే స్వేచ్ఛ ఉండడం వల్ల. బడ్జీ బరువు 30, 40 గ్రాములు. అంత చిన్న ఒళ్లు నిమిషాల్లో వేడెక్కిపోతుంది. సౌనాలో పిట్ట ఎంతసేపు ఉండొచ్చు అని లెక్కలు వేయడమే అనవసరం.

వేడి దేశాల పక్షి అనే మాటకూ జవాబు చెప్తాను. బడ్జీలది ఆస్ట్రేలియా లోపలి ఎండు భూములు. అక్కడి ఎండ మన అనంతపురం ఎండకు తీసిపోదు. కానీ అక్కడ అవి పొద్దున్నే తిని, నీళ్లు తాగి, ఎండ ఎక్కేసరికి చెట్ల నీడకు చేరి కదలకుండా కూర్చుంటాయి. అయినా సరే, 2009 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో 45 డిగ్రీలు దాటిన ఎండ వరసగా కొన్ని రోజులు కాసేసరికి వేల కొద్దీ పిట్టలు చచ్చిపడ్డాయి, వాటిలో బడ్జీలే చాలా ఉన్నాయి. మరుసటి ఏడాది జనవరి 8న హోప్‌టన్ అనే ఊరి దగ్గర 48 డిగ్రీల ఎండకు 200కు పైగా కాకటూలు (తల మీద జుట్టు ఉండే పెద్ద చిలుకలు) ఒక్కరోజులో పోయాయి. అవన్నీ ఆ నేలలోనే పుట్టి, ఎక్కడికైనా ఎగిరిపోగల పక్షులు. మన ఇంట్లోని పంజరంలో పిట్టకు ఆ పాటి అవకాశం కూడా లేదు.

జలుబుకు ఆవిరి సంగతి

ఇంట్లో పిల్లలకు జలుబు చేస్తే గిన్నెలో నీళ్లు మరిగించి, కాస్త బామ్ వేసి, దుప్పటి కప్పి ఆవిరి పట్టడం మనకు అలవాటు. పిట్ట తుమ్ముతోందని పంజరానికి దుప్పటి కప్పి అదే పని చేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. వేడి, తేమ, గాలి ఆడకపోవడం మూడూ ఆ దుప్పటి కింద చేరతాయి. అది చాలదన్నట్టు బామ్‌లోని కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం ఘాటు పిట్ట ఊపిరికి పడదు. పక్షికి ఊపిరితిత్తులతో పాటు ఒంట్లో గాలి సంచులుంటాయి, చాలా జాతుల్లో తొమ్మిది. పీల్చిన గాలిలోంచి ప్రాణవాయువును మనకంటే బాగా తీసుకునేలా ఉన్న ఆ ఏర్పాటే, గాలిలోని విషాన్ని కూడా అంతే బాగా తీసుకుంటుంది. సాంబ్రాణి పొగ, దోమల చక్రం, నాన్‌స్టిక్ పెనం మాడినప్పుడు వచ్చే పొగ పిట్టలకు ప్రాణాంతకం కావడానికి కారణం ఇదే. ఎండాకాలంలో తలుపులు బిగించి ఏసీ వేసిన గదిలో దోమల చక్రం వెలిగిస్తే ఆ పొగ బయటికి పోయే దారే ఉండదు.

ముక్కు రంధ్రాల దగ్గర తడిగా ఉండడం, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగడం, ఈకలు ఉబ్బించుకుని కళ్లు మూసుకుని కూర్చోవడం కనిపిస్తే డాక్టరుకు చూపించండి. జబ్బు చేసి ముడుచుకుపోయిన పిట్టకు వెచ్చదనం అవసరమే, అది నిజం. డాక్టర్లు అలాంటి పిట్టను 29 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంచమంటారు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అయితే పంజరానికి ఒక పక్కన మాత్రమే, బయటి నుంచి, బల్బు వేడి తగిలేలా పెట్టండి. రెండో పక్క చల్లగా ఉండాలి. వేడి ఎక్కువైతే పిట్ట తనే పక్కకు జరుగుతుంది. మే నెలలో మన ఇళ్లలో ఆ వేడి ఎలాగూ ఉంటుంది, బల్బు అక్కర్లేదు. ఇంకోటి, నోరు తెరిచి రొప్పుతున్న పిట్టకు జలుబు అనుకుని వేడి తగిలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

గాలి మరీ పొడిగా ఉండి ఈకలు పెళుసుబారుతున్నాయని అనిపిస్తే దానికి స్నానం చాలు. ఆ సంగతి కింద చెప్తాను.

మొదటి పని: పంజరం ఎక్కడ పెట్టాలి

మార్చిలోనే ఒక రోజు మధ్యాహ్నం ఇంట్లోని గదులన్నిటిలో కాసేపు తిరగండి. చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనండి, వేడితో పాటు తేమ శాతం కూడా చూపించేది. దాన్ని పంజరం ఎత్తులోనే, పంజరం పక్కనే పెట్టి చూడాలి. గోడకు తగిలిస్తే గోడ వేడి చూపిస్తుంది.

రేకుల ఇల్లయితే పగలు పిట్టను అందులో ఉంచడం మానేయడమే మంచిది. మిద్దె ఇల్లయితే పై అంతస్తు వద్దు. స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి ఎనిమిది, తొమ్మిది దాకా వేడి వదులుతూనే ఉంటుంది. పడమటి గోడదీ అదే తీరు. సాయంత్రం ఆరింటికి ఆ గోడకు అరచెయ్యి ఆనించి చూడండి, వెంటనే తీసేస్తారు. ఎండ పోయింది కదా అని పిట్టను ఆ గోడ పక్కకు మార్చేవాళ్లు ఈ సంగతి గమనించాలి. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి పైకప్పు కొక్కేనికి వేలాడదీసిన పంజరాన్ని ఎండాకాలం నాలుగు నెలలూ కిందికి దించి, నడుమెత్తు బల్ల మీద పెట్టండి. కింది అంతస్తులో, ఉత్తరం వైపు, నాపరాళ్లు పరిచిన గది ఉంటే అంతకంటే మంచి చోటు లేదు. నీడలో ఉన్న కడప బండ మే నెలలో కూడా కాలికి చల్లగానే తగులుతుంది. అదే బండ ఎండలో ఉంటే మనమే కాలు పెట్టలేం, పంజరాన్ని వరండాలో దాని మీద పెట్టొద్దు. నేలకు మరీ దగ్గరగా పెడితే పిల్లులు, చీమలతో బాధ, అందుకే బల్ల.

పొద్దుటి ఎండ మాత్రం పిట్టకు కావాలి. ఎముకల బలానికి అవసరమైన డి విటమిన్ ఆ ఎండ వల్లే తయారవుతుంది, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండతో ఆ పని జరగదు. ఏడున్నర లోపల ఒక ఇరవై నిమిషాలు బయట పెట్టండి, పంజరంలో సగం మీద పాత నూలు గుడ్డ కప్పి నీడ ఉంచండి. పిట్టను అక్కడ పెట్టి మీరు లోపలికి పోవద్దు. ఫోన్ వచ్చిందని లోపలికి వెళ్లి మర్చిపోవడం వల్లే చాలా పిట్టలు పోతాయి.

హద్దుల విషయానికొస్తే, నేను పాటించే లెక్క ఇది. థర్మామీటర్ 32 దాకా చూపిస్తే బెంగ లేదు. 35 దాటితే స్నానం, గాలి, తడి గుడ్డలు మొదలుపెట్టాలి. 38 దాటితే ఆ గదిలో పిట్టను ఉంచకూడదు, కూలర్ గానీ ఏసీ గానీ ఉన్న గదికి మార్చాలి. తేమ 60 శాతం పైన ఉంటే ఈ అంకెలన్నీ మూడు నాలుగు డిగ్రీలు తగ్గించి లెక్కేసుకోండి. పిల్ల పిట్టలు, ముసలివి, లావెక్కినవి ఇంకా ముందే ఇబ్బంది పడతాయి.

కూలర్ ఉందిగా అనుకునేవాళ్లకు

మన మూడు జిల్లాల్లో ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. కానీ కూలర్ చల్లబరిచేది గాలిలోకి తేమను పంపే పద్ధతిలోనే. కిటికీలు, తలుపులు అన్నీ బిగించి గంటల తరబడి కూలర్ నడిపితే తేమ గదిలోనే పేరుకుపోతుంది, చల్లదనమూ తగ్గిపోతుంది. మనకు ఒళ్లు జిడ్డుగా అనిపించే ఆ గదిలో పిట్ట రొప్పుతుంది. చేతులారా గదిని చిన్న ఆవిరి గదిగా మార్చినట్టే. కూలర్‌ను కిటికీ దగ్గర బయటి గాలి లాగేలా పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీయో తలుపో బెత్తెడు తెరిచి ఉంచండి. లోపలికి వచ్చిన గాలి బయటికి పోవాలి. జూన్‌లో తొలకరి పడ్డాక కూలర్‌కు ఆ బలం ఉండదు, అప్పుడు నీళ్లు పోయకుండా ఫ్యాన్‌లా వాడుకోవడమే నయం.

కూలర్ గడ్డి కూడా చూసుకోండి. పాత గడ్డిలో బూజు పెరుగుతుంది, ఆ బూజు గాలిలో కలిసి పిట్ట గాలి సంచుల్లో చేరితే మందులకు కూడా అంత త్వరగా లొంగని జబ్బు వస్తుంది. ఆఫ్రికన్ గ్రేలకు ఆ బెడద ఎక్కువ. ప్రతి ఎండాకాలం మొదట్లో గడ్డి మార్చండి, తొట్టెలో నీళ్లు రెండు రోజులకోసారి పూర్తిగా ఒంపేయండి.

ఫ్యాన్ సంగతి వేరు. గది 43 డిగ్రీలున్నప్పుడు ఫ్యాన్ వేస్తే వీచేది వడగాలే. తడిసిన పిట్టకు మాత్రం ఆ గాలి చల్లగా తగులుతుంది, కాబట్టి స్నానం తర్వాతే ఫ్యాన్ వల్ల లాభం. పంజరం తలుపు తీసే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపడం ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పిల్లలకు, అలవాటు చేయండి.

ఏసీ అయితే 26 దగ్గర పెట్టండి, గాలి నేరుగా పంజరం మీదికి రాకూడదు. రాత్రీ పగలూ 20 డిగ్రీల్లో ఉంచిన పిట్ట ఒళ్లు వేడిని తట్టుకునే అలవాటు తప్పుతుంది. అలాంటి పిట్టకు ఒక్క మధ్యాహ్నం కరెంటు పోయినా కష్టమే. మార్చి నుంచి మెల్లగా పెరిగే వేడికి కొంచెం కొంచెంగా అలవాటు పడనివ్వడం మంచిది.

నీళ్లు, స్నానం

మధ్యాహ్నం రెండింటికి మిద్దె మీది ట్యాంకు కుళాయి తిప్పండి. మొదటి చెంబు నీళ్లు చేతికి చురుక్కుమంటాయి. ఆ నీళ్లనే పిట్ట గిన్నెలో పోస్తే అది ముక్కు ముంచి వెనక్కి తీస్తుంది. నీళ్లున్నాయి కదా అని మనం అనుకుంటాం, అది దాహంతోనే ఉంటుంది. కుండలోనో కూజాలోనో నీళ్లు వాడండి. ఫ్రిజ్ నీళ్లు, ఐసు వద్దు. ప్లాస్టిక్ గిన్నె కంటే మట్టి మూకుడు మేలు, నీళ్లు చల్లగా ఉంటాయి. రెండు చోట్ల రెండు మూకుళ్లు పెట్టండి, ఒకటి ఒలకబోసుకున్నా ఇంకోటి ఉంటుంది. రోజుకు మూడుసార్లు మార్చి, ప్రతిసారీ వేలితో రుద్ది కడగండి. ఎండలకు జిగురు తొందరగా పడుతుంది.

గ్లూకోజ్ నీళ్లు, మజ్జిగ గురించి చాలామంది అడుగుతారు. ఎండ నెత్తికెక్కిన పూట ఫోన్ చేసి "అన్నా, పిట్ట నోరు తెరుచుకోనుండాది, మజ్జిగ తాపొచ్చా?" అంటారు. మనకు మజ్జిగ చలవే కానీ పాలలోని చక్కెరను పక్షులు అరిగించుకోలేవు. గ్లూకోజ్ నీళ్లు ఎండకు తొందరగా పాడవుతాయి. గిన్నెలో ఎప్పుడూ మామూలు నీళ్లే ఉండాలి.

స్నానం పొద్దున ఎనిమిదికి ఒకసారి, మధ్యాహ్నం ఒకటి రెండు మధ్య ఇంకోసారి చేయించండి. కొత్త స్ప్రే సీసాలో గది వేడికి ఉన్న నీళ్లు పోసి, పిట్టకు పైనుంచి సన్నటి తుంపర పడేలా కొట్టండి, ముఖానికి నేరుగా కొట్టొద్దు. ఇష్టపడే పిట్ట రెక్కలు విప్పి, తల వంచి, తోక విసనకర్రలా పరుచుకుంటుంది. భయపడేదైతే వెడల్పాటి మట్టి పళ్లెంలో అంగుళం లోతు నీళ్లు, పైన నాలుగు కొత్తిమీర రెబ్బలు వేసి పెట్టండి, తనే దిగుతుంది. పొద్దుగూకే లోపల ఈకలు ఆరిపోవాలి, తడి ఒంటితో పడుకోబెట్టొద్దు. స్నానాల గదిలో చేయించేట్టయితే గీజర్ ఆపేసి, తలుపు తెరిచి ఉంచండి. వేడి నీళ్ల ఆవిరి కమ్మిన చిన్న బాత్రూమ్ పిట్టకు స్టీమ్ గదితో సమానం.

తిండి

అరిగించే పని ఒంట్లో వేడి పుట్టిస్తుంది. అందుకే కోళ్ల ఫారాల వాళ్లు ఎండ ముదిరే గంటల్లో మేత ఆపేస్తారు. మీరూ పొద్దున ఆరింటికి, సాయంత్రం ఐదున్నరకు గింజలు పెట్టండి. మధ్యాహ్నం కీరదోస, కర్బూజ, పుచ్చకాయ ముక్కలు చాలు. కోసిన పండు గంటన్నర మించి ఉంచొద్దు, నానబెట్టిన గింజలైతే ఇంకా ముందే తీసేయండి. కొర్రలు, సజ్జలు, జొన్నలు మన దగ్గర పుష్కలంగా దొరుకుతాయి, అవి మంచివి. చౌకగా వస్తున్నాయని పొద్దుతిరుగుడు గింజలు, వేరుశనగ గుప్పెళ్లతో పెడితే పిట్ట లావెక్కుతుంది, లావెక్కిన పిట్ట ఎండకు మొదట పడిపోతుంది. పాత వేరుశనగలో కంటికి కనపడని బూజు విషం కూడా ఉండొచ్చు. పచ్చిమిరపకాయ వేడి చేస్తుందని కొందరు మాన్పిస్తారు, ఆ అవసరం లేదు. పక్షులకు మిరప మంట తెలియదు.

జత కట్టించేవాళ్లు ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా గూటి కుండలు తీసేయండి. మే నెలలో ఆ కుండ లోపల తల్లి, నాలుగు పిల్లలు ఉంటే గాలి ఆడదు.

కరెంటు పోతే

ఇందుకు కావాల్సినవి ముందే ఒక చోట పెట్టుకోండి: గోనె సంచులు రెండు, స్ప్రే సీసా, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు నాలుగు, విసనకర్ర. కరెంటు పోగానే గోనె సంచిని తడిపి, పిండి, పంజరానికి బెత్తెడు దూరంలో గాలి వచ్చే వైపు మాత్రమే వేలాడదీయండి. పంజరం చుట్టూ కప్పొద్దు, కప్పితే లోపల ఉక్క పుడుతుంది. గడ్డకట్టిన సీసాకు గుడ్డ చుట్టి పంజరం బయట ఒక పక్కన ఆనించండి. పిట్టకు కావాలంటే దగ్గరికి వస్తుంది, వద్దంటే దూరంగా జరుగుతుంది. సంచి ఆరగానే మళ్లీ తడపండి. ఉద్యోగాలకు వెళ్లి ఇంట్లో పగలు ఎవరూ లేకుంటే, మే నెలలో పిట్టను మనుషులున్న ఇంట్లో, అమ్మ దగ్గరో పక్కింటి అత్త దగ్గరో వదిలి వెళ్లండి. ఏ పరికరమూ మనిషి కన్నంత నమ్మకం కాదు.

ఎండదెబ్బ తగిలితే

మొదట రెక్కలను ఒంటికి దూరంగా, చంకలు విప్పినట్టు పెడుతుంది. ఈకలు ఒంటికి అంటుకుపోయి పిట్ట సన్నగా కనిపిస్తుంది. నోరు తెరిచి, గొంతు అదురుతూ, గబగబా రొప్పుతుంది. ఈ దశలో చల్లటి చోటికి మార్చి, స్నానం చేయిస్తే పావుగంటలో తేరుకుంటుంది. ఆ తర్వాతి దశలో తూలుతుంది, కొమ్మ మీద నిలవలేక పంజరం అడుగుకు దిగుతుంది, కళ్లు మూతలు పడతాయి, వణుకో మూర్ఛో రావచ్చు. అప్పుడు ఒక్కొక్క నిమిషమూ విలువైనదే.

టెన్షన్ పడకుండా ఈ వరసలో చేయండి. పలచటి తువ్వాలుతో పిట్టను పట్టుకోండి, రొమ్మును మాత్రం నొక్కొద్దు. పక్షి రొమ్ము కదిలితేనే ఊపిరి ఆడుతుంది, మనం గట్టిగా పట్టుకుంటే అక్కడే ఆగిపోతుంది. నీడకు, చల్లటి గదికి తీసుకెళ్లండి. కాళ్లను గదిలో ఉంచిన మామూలు నీళ్లలో, అంటే వేడివీ కాకుండా, కుండ నీళ్లంత చల్లవీ కాకుండా ఉన్న నీళ్లలో, ముంచండి. రెక్క ఎత్తి కింద తడి గుడ్డతో అద్దండి, ఈకలు చర్మం దాకా తడవాలి. టేబుల్ ఫ్యాన్ తక్కువ వేగంలో కాస్త దూరం నుంచి పెట్టండి. ఐసు నీళ్లలో ముంచడం, ఐసు రుద్దడం చేయొద్దు, చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి లోపలే ఉండిపోతుంది, పిట్ట షాక్‌కు పోతుంది. స్పృహలో ఉంటే ముక్కు అంచున ఒక్కో చుక్క నీళ్లు తగిలించండి, తనే నాలుకతో తీసుకుంటుంది. నోట్లో పోయొద్దు. రొప్పుతున్నప్పుడు పోసిన నీళ్లు ఊపిరి గొట్టంలోకి పోతాయి.

నోరు మూసి, రెక్కలు దగ్గరికి తెచ్చుకోగానే తడపడం ఆపేయండి. అప్పటికీ తడుపుతూనే ఉంటే ఒళ్లు మరీ చల్లబడిపోతుంది. గుడ్డతో అద్ది, మసక వెలుతురున్న నిశ్శబ్దమైన గదిలో ఉంచండి, చుట్టూ చేరి చూడొద్దు.

డాక్టరు దగ్గరికి

తేరుకున్నట్టు కనిపించినా చూపించాల్సిందే. వేడికి లోపలి అవయవాలు దెబ్బతింటే ఆ లక్షణాలు ఆ తర్వాతే బయటపడతాయి. ఒక రోజంతా రెట్ట చూడండి, రంగు మారినా, రక్తం కనిపించినా, గింజ ముట్టకపోయినా ఆలస్యం చేయొద్దు. కడప జిల్లాలో అయితే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. పశుసంవర్ధక శాఖ సంచార వైద్య సేవల నంబరు 1962, దగ్గర్లో ఎవరున్నారో అడగవచ్చు. పక్షుల వైద్యం తెలిసినవాళ్లు అన్ని చోట్లా దొరకరు కాబట్టి ఫిబ్రవరిలోనే కనుక్కుని నంబరు రాసిపెట్టుకోండి. అనంతపురం వాళ్లు బెంగళూరుకు, కర్నూలు వాళ్లు హైదరాబాదుకు తీసుకెళ్లడం చూస్తుంటాను. ఆ ప్రయాణం తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టండి. కారును ముందే చల్లబరిచి పిట్టను ఎక్కించండి, దారిలో టిఫిన్‌కు ఆగినప్పుడు ఒకరు దాని దగ్గరే ఉండాలి. 40 డిగ్రీల ఎండలో అద్దాలు మూసి ఆపిన కారు పది నిమిషాల్లో 50 దాటుతుంది.

వెళ్లేటప్పుడు ఇవి కాగితం మీద రాసుకోండి: గది వేడి ఎంత, తేమ ఎంత, ఎంతసేపటి నుంచి రొప్పుతోంది, ఏ నీళ్లతో ఎంతసేపు తడిపారు, ఏం తాపారు, చివరిసారి ఎప్పుడు తింది. వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి బరువు కూడా రాయండి, మందు మోతాదు ఆ గ్రాముల లెక్కనే వేస్తారు.